చప్పుడు లేకుండా నడిచిన అంబాసిడర్

ఇప్పుడు బండ్లు లాగే పనిలో ఉన్న కుర్రాళ్లను చూస్తే నాకు కొంచెం కుళ్లుగానే ఉంటుంది. వెడల్పాటి లారీ వస్తుంది, దాని పళ్లెం వెనక్కి వాలుతుంది, ఇనుప తాడు చెడిపోయిన కారును పైకి లాక్కుంటుంది. నాలుగు చక్రాలకూ పట్టీలు బిగించి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్లిపోతారు. సంతోషమే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక బండిలో కూర్చోవలసిన పని వాళ్లకు లేదు.

నేను కూర్చున్నాను. నాచారం పారిశ్రామికవాడలో, ఫ్యాక్టరీల వెనక సందులో ఒక షెడ్డు ఉండేది. రోడ్ల మీద ఆగిపోయిన బండ్లను లాక్కురావడం మా పని. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే చేశాను. ముందు మా జీపు, వెనక చెడిపోయిన బండి, రెంటి మధ్య ఇనుప రాడ్డు. జీపు నడిపేది నా జోడీ. వెనక బండిలో స్టీరింగు పట్టుకునేది నేను.

ముందు ఉన్నవాడికి రోడ్డు కనిపిస్తుంది. వెనకవాడికి కనిపించేది జీపు వెనక వేలాడే స్టెప్నీ టైరు, దాని మీద ఎండిన మట్టి. గుంత వస్తోందో, బస్సు అడ్డం వస్తోందో, ముందువాడు బ్రేకు తొక్కాకే తెలుస్తుంది. హారన్ మోగుతుందన్న నమ్మకం లేదు. చేతిలో స్టీరింగు, కాలి కింద బ్రేకు, నోట్లో దేవుడి పేరు. ఈ ఉద్యోగంలో నాకిచ్చిన పనిముట్లు ఇవే.

నేను పిరికివాణ్ణి. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు, అప్పుడూ లేదు. బయల్దేరే ముందు రాడ్డు పిన్ను ఒకసారి చూసి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి చూసేవాణ్ణి. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల మధ్య బస్సులు రెండువైపులా ఒరుసుకుంటూ వస్తుంటే కళ్లు మూసుకోవాలనిపించేది. మూసుకుంటే ఉద్యోగం పోతుంది కనుక తెరిచే ఉంచేవాణ్ణి. నా జోడీ బోడుప్పల్ వాడు, నాకంటే చాలా చిన్నవాడు, భయమంటే ఏమిటో తెలియని మనిషి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను.

"అన్నా, నువ్వు ఎనుక భయపడుడు నాకు ముంగట ఇనబడ్తది. జర మెల్లగ భయపడు" అనేవాడు.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నేను చెప్పబోయేది మౌలాలిలో జరిగింది. అక్కడ దర్గా గుట్ట చుట్టుపక్కల పాత కాలనీల్లో కొన్ని సందులు నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా ఉంటాయి. అలాంటి ఒక సందులో, రేకుల షెడ్డు కింద, ఒక అంబాసిడర్ కొన్నేళ్లుగా కదలకుండా ఉంది. దాని యజమాని రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం. ఆయన భార్యకు మోకాళ్లు పట్టేశాయి, ఆటో ఎక్కాలంటే ఏడుపొచ్చేది. అంబాసిడర్ వెనక సీటు ఒక్కటే ఆమెకు సుఖం. పిల్లలు చిన్నగా ఉన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ సీట్లోనే నాచారం చర్చికి వెళ్లేదట.

"ఇంకొక్కసారి దాంట్ల చర్చికి వోవాలె అంటది. అందరు పాత సామాన్లు కొనేటోనికి అమ్ముకొమ్మంటున్రు. నేను మాటిచ్చిన తమ్మి" అన్నాడు ఆయన నాతో.

ఉప్పల్‌లో పాత బండ్లు బాగుచేసే మెకానిక్ ఒకడు ఒప్పుకున్నాడు. కారును అక్కడికి చేర్చాలి. అప్పటికే మా షెడ్డుకు పళ్లెం లారీ వచ్చింది గానీ, అది ఆ సందులో పట్టదు. పైన కరెంటు తీగలు కూడా చేతికందేలా ఉన్నాయి. అందుకని మళ్లీ జీపు, రాడ్డు, నేను.

ఇక్కడ కాస్త యంత్రం సంగతి చెప్పక తప్పదు. అంబాసిడర్ లాంటి పాత బండ్లను నడిపించేవి వెనక చక్రాలు. ఇంజినూ గేర్‌బాక్సూ ముందు ఉంటాయి. అక్కడి నుంచి కారు కడుపు కింద పొడవాటి షాఫ్టు ఒకటి వెనక ఇరుసు దాకా వస్తుంది. మామూలుగా ఇంజిన్ తిరిగితే షాఫ్టు, షాఫ్టు తిరిగితే చక్రాలు. లాగేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. చక్రాలే షాఫ్టును తిప్పుతాయి, షాఫ్టు గేర్‌బాక్సు లోపలి సామాన్లను తిప్పుతుంది. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి నూనె అందవలసిన చోటికి అందదు. అలాగే చాలా దూరం లాగితే గేర్‌బాక్సు లోపల కాలిపోతుంది. అందుకే వెనకవైపు బోల్టులు విప్పి, షాఫ్టును ఊడదీసి, వైరుతో కారు అడుగుకు కట్టేస్తాం. ఆ తర్వాత ఇంజిన్‌కూ చక్రాలకూ ఏ సంబంధమూ ఉండదు. గేరు కాడ పట్టుకుని ఎటు ఊపినా చక్రాలకు తెలియదు.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. ఆ రోజు అక్కడ ముగ్గురు మగవాళ్లం ఉన్నాం, ముగ్గురికీ ఇది బాగా తెలుసు.

షాఫ్టు విప్పింది నేనూ నా జోడీ. కారు కింద పడుకుని నేను వైరు బిగిస్తుంటే పెద్దాయన వంగి టార్చి పట్టుకున్నాడు. హ్యాండ్ బ్రేకు సంగతి అడిగాను.

"అది ఎప్పుడో వోయింది. తీగ తెగింది" అన్నాడు. "నేను గేర్ల వెట్టి ఇడుస్త. ఇన్నేండ్ల సంది గేరే దాన్ని వట్టుకున్నది."

కాలి బ్రేకు తొక్కి చూశాను. మొదటిసారి నేలకు తగిలింది. రెండోసారీ అంతే. మూడోసారికి కింద ఏదో గట్టిగా తగిలింది, చక్రం పట్టింది. రాడ్డు ఉంటుంది, ముందు జీపు ఉంటుంది, మెల్లగా పోతాం అని నాకు నేనే చెప్పుకున్నాను.

కారును బయటికి తోసి, కిందివైపు మొహం పెట్టి, జీపుకు తగిలించాం. ఆయన భార్య, పెద్దమ్మ, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తోంది. "పైలంగ తీస్కపోండ్రి తమ్మీ, దాని పానం నా పానం ఒకటే" అంది. నవ్వుతూనే అంది.

కాస్త దూరం దిగామో లేదో, కింద నుంచి చిన్న నీళ్ల ట్యాంకరు ఒకటి ఎక్కి వచ్చింది. సందులో చాలామటుకు అదే. రాడ్డుతో కట్టిన బండిని వెనక్కి నెట్టలేం, వెనకది అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంటుంది. ట్యాంకరువాడు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"జర పక్కకు తియ్యన్నా. పైన నీళ్లకు బిందెలు వట్టుకుని నిలవడ్డరు."

నా జోడీ అప్పటికే జీపు దిగాడు. కారును గోడవారకు నిలిపి, రాడ్డు విప్పి, జీపును ట్యాంకరుకు ఇవతలున్న పక్క సందులోకి తీస్తే ట్యాంకరు పోతుంది. ఐదు నిమిషాల పని. "అన్నా, గేర్ల వెట్టి దిగు" అన్నాడు.

పెట్టాను. స్టీరింగు పక్కనే ఉన్న గేరు కాడను మొదటి గేరులోకి లాగి, దిగాను. వెనక నుంచి పెద్దాయన అరిచాడు, "గేర్ల వెట్టిన్రా?"

"వెట్టినం సార్."

ముగ్గురికీ మనసు కుదుటపడింది. ఆ షాఫ్టును అరగంట కింద మా చేతులతోనే ఊడదీశాం. అయినా జీవితమంతా బండి ఆపగానే గేరులో పెట్టిన చేతులు మావి. ఆ చేతులు మమ్మల్ని అడగలేదు. చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు జీపులో ఉన్నాయి. జీపు పక్క సందులోకి పోయింది, దిమ్మలు కూడా దానితోనే పోయాయి.

మరి కారు ఎలా ఆగింది అంటారా. నల్లా పైపు కోసం రోడ్డుకు అడ్డంగా తవ్వి, సగం పూడ్చి వదిలేసిన గాడి ఒకటి ఉంది అక్కడ. ముందు చక్రాలు దాంట్లో కూర్చున్నాయి. కారును ఆపింది ఆ గాడి. మేం గేరు అనుకున్నాం.

ట్యాంకరు ఒరుసుకుంటూ పైకి పోయింది. దానికి దారి చూపిస్తూ నేను కారుకు కాస్త ఎగువన నిలబడ్డాను. పెద్దాయన గేటు ముందు ట్యాంకరువాడితో ఏదో గొడవ పడుతున్నాడు, గోడ గీరుకుందని. కింద నా జోడీ జీపును మళ్లీ సందులోకి తెచ్చి, దిగి, మావైపు వీపు పెట్టి, వంగి, రాడ్డు పిన్ను సరిచేస్తున్నాడు. ఆ జీపుకు అవతల సందు తిన్నగా మెయిన్ రోడ్డులోకి దిగుతుంది. అక్కడ బస్సులు ఆగకుండా పోతున్నాయి.

అప్పుడు అంబాసిడర్ తలుపు పడిన చప్పుడు వినిపించింది. దాని తలుపు బరువు, వేస్తే బండి మొత్తం అదురుతుంది. తిరిగి చూశాను. వెనక సీట్లో పెద్దమ్మ. మేం హడావుడిలో ఉండగా గోడ పట్టుకుని మెల్లగా దిగి వచ్చి ఎక్కి కూర్చుంది. బండి బాగుపడి తిరిగి వస్తుందో రాదో, ఒకసారి కూర్చుందామనుకుందట. తర్వాత చెప్పింది.

ముందు చక్రం గాడిలో ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగింది. అంచు మీదికి ఎక్కింది. దాటింది.

ఎంత నెమ్మదిగా దాటిందంటే, అది కదులుతోందని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. బండి గేరులో ఉంది కదా అనుకున్నాను. ఆ క్షణంలో కూడా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత, కారు కింద నేను కట్టిన వైరు గుర్తొచ్చింది.

అరవబోయాను. గొంతు రాలేదు. కలలో అరవబోతే రాదే, అచ్చం అలాగే. కాళ్లు మాత్రం నన్ను అడక్కుండా పరుగెత్తాయి. ధైర్యం అనుకోకండి, దాని మొహం నాకు తెలియదు. ఆమె ఏదో పెళ్లికి పోతున్నట్టు పైట సర్దుకుని కూర్చోవడం కనిపించింది, అంతే. డ్రైవరు తలుపు పట్టుకుని గుంజాను. కారు నాకంటే వేగంగా లేదు గానీ, నాతో సమానంగా ఉంది. ఒక కాలు లోపల పెట్టాను, రెండో కాలు రోడ్డు మీద ఈడ్చుకుపోయింది, చెప్పు ఊడిపోయింది. ఎలాగో సీట్లో పడ్డాను.

బ్రేకు తొక్కాను. నేలకు తగిలింది.

ముందు అద్దంలోంచి చూస్తే నా జోడీ వీపు పెద్దదవుతోంది. అతని నీలం చొక్కా మీద చెమట మరకలు కూడా కనిపిస్తున్నాయి. హారన్ నొక్కాను. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. రెండోసారి తొక్కాను. మళ్లీ నేల. స్టీరింగు తిప్పి గోడకు కొడదామంటే గోడవైపు ఒక ఇంటి మెట్లు, మెట్ల మీద ఎవరో బట్టలు పిండుతున్నారు. పెద్దమ్మనూ నా జోడీనీ నా చేతులతోనే చంపబోతున్నాను అన్న మాట నా చెవిలో ఎవరో చెప్పినట్టు స్పష్టంగా వినిపించింది. మూడోసారి తొక్కాను.

పట్టింది.

కారు ముక్కు కిందికి వంగి, ఆగింది. ముందు బంపరుకూ నా జోడీ మోకాళ్లకూ మధ్య ఒక మనిషి దూరేంత జాగా ఉందేమో. అతను అప్పుడు వెనక్కి తిరిగాడు. అతని మొహంలో రంగు పోవడం నేను కళ్లారా చూశాను.

భయం అక్కడితో అయిపోలేదు. అసలు భయం అప్పుడే మొదలైంది. నా కాలి కింద బ్రేకు మెల్లగా, చాలా మెల్లగా, కిందికి దిగిపోతోంది. తీసి మళ్లీ తొక్కాలంటే తీయాలి. తీస్తే కారు కదులుతుంది. రెండు చేతులతో మోకాలిని నొక్కి పట్టుకున్నాను. నోరు తెరిచి 'దిమ్మ' అనబోయాను, ఇంకా మాట రావడం లేదు.

ఆ నిశ్శబ్దంలో వెనక సీట్లోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"స్టార్టయిందా తమ్మీ?"

అద్దంలో చూశాను. చిన్నపిల్ల మొహంలా ఉంది ఆ మొహం. ఆమెకు ఏమీ తెలియదు. బండి కదిలింది, కొంతదూరం పోయింది, ఆగింది. ఆమెకు తెలిసింది అంతే. ఇప్పుడు నిజం చెబితే భయపడి తలుపు తీసి దిగబోతుంది. ఆ మోకాళ్లతో దిగలేదు, కింద పడుతుంది, కారు ఆమె మీదికే పోతుంది.

పోయిన గొంతు తిరిగి వచ్చింది. "అయిందమ్మా. కదలకుండ కూసో" అన్నాను.

"సప్పుడే లేదు" అంది ఆమె, మురిసిపోతూ.

"మంచి బండి అమ్మా."

నా జోడీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నా మొహం చూశాడు, మోకాలి మీద నా చేతులు చూశాడు. దిమ్మల కోసం జీపులోకి వెళ్లకుండా, చేతిలో ఉన్న ఇనుప రాడ్డునే ముందు చక్రం కింద అడ్డంగా తోసి, దాని మీద తన కాలు పెట్టి నిలబడ్డాడు. రోడ్డు పక్కనున్న బండరాయిని లాగి రెండో చక్రానికి ఆనించాడు. అప్పుడు కాలు తీశాను. కారు ఒకసారి ముందుకు ఒరిగి, రాయిని నొక్కి, నిలబడింది.

పెద్దాయన పైనుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఎలా పరుగెత్తాడో తెలియదు. ఆయన గేటు దగ్గర నుంచి అంతా చూశాడు. కారు తలుపు పట్టుకుని 'ప్రభువా, ప్రభువా' అంటున్నాడు గానీ, శబ్దం బయటికి రావడం లేదు, పెదవులే కదులుతున్నాయి.

"సూశినవా? నడిచింది" అంది ఆమె.

ఆయన నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

"సూశిన" అన్నాడు ఆయన. "ఇగ దిగు. దానికి ఆయిల్ వొయ్యాలెనట."

"ఉప్పల్ దాక నేను గూడ వస్త."

"దిగు" అన్నాడు. కోపంగా అనబోయాడు, ఏడుపులా వచ్చింది. ఆమె వింతగా చూసి దిగింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని పైకి నడిపించాడు. ఇంటిదాకా వదల్లేదు.

ఉప్పల్ దాకా మళ్లీ ఆ కారులోనే కూర్చుని వెళ్లాను. వెళ్లక ఏం చేస్తాను, నా ఉద్యోగమే అది. నాచారం రోడ్డంతా నా జోడీ ఎంత మెల్లగా నడిపాడంటే, వెనక స్కూటర్లవాళ్లు మా ఇద్దరి ఇళ్లల్లో వాళ్లనందరినీ తిట్టారు. అతని ఫోను రెండుసార్లు మోగింది, తీయలేదు. మెకానిక్ షెడ్డులో కారు వదిలి, టీ బండి దగ్గర నిలబడ్డాం.

"అన్నా, నీ భయం జర నాకు గూడ ఇయ్యి" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. అతనూ నవ్వడానికి అనలేదు. మర్నాటి నుంచి దిమ్మలు జీపులో కాదు, లాగే బండిలోనే ఉండేవి, నా కాళ్ల దగ్గర. రాడ్డు విప్పే ముందు దిమ్మ పెట్టి, దాన్ని కాలితో తన్ని చూసి, అప్పుడు మాట్లాడేవాడు. కొత్తగా చేరినవాళ్లు అతన్ని చూసి నవ్వేవాళ్లు. మీలో ఎవరైనా అలా నవ్వితే నాకు చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను.

కారు బాగవడానికి చాలా కాలం పట్టింది. ఒక ఆదివారం పెద్దాయన ఫోను చేశాడు. చర్చికి బయల్దేరుతున్నాం, ఆమె నిన్ను రమ్మంటోంది, నువ్వే నడపాలంటోంది అన్నాడు. నాకు వెళ్లాలని లేదు. అయినా వెళ్లాను.

కారు మెరిసిపోతోంది. ఆమె వెనక సీట్లో కూర్చుని ఉంది, పక్కన ఆయన. నేను బ్రేకు తొక్కి చూశాను. మొదటిసారికే పట్టింది. అయినా ఇంకో రెండుసార్లు తొక్కాను. తాళం తిప్పగానే ఇంజిన్ లేచింది, అంబాసిడర్ ఇంజిన్ ఎలా లేవాలో అలాగే, దడదడమంటూ. సందు దిగి, ఆ గాడి దాటి, మెయిన్ రోడ్డు ఎక్కాం. నాచారం వైపు తిరిగాక ఆమె ముందుకు వంగి నా భుజం తట్టింది.

"ఏం బాగుజేసిన్రో ఏందో తమ్మీ, మస్తు సప్పుడు జేస్తున్నది. ఆ దినం సూడు, ఎంత మెత్తగ వోయింది. పూల మీద వోయినట్టే వోయింది. ఒక్కసారి గట్ల నడుపరాదా?"

అద్దంలో పెద్దాయన కళ్లు, నా కళ్లు కలిశాయి. ఆయన భార్య చేతిని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ఇగ గట్ల నడవదమ్మా" అన్నాను.

"ఎందుకు నడవది?" అని చర్చి వచ్చేదాకా అడుగుతూనే ఉంది.